కార్డు కొనేముందు క్యాబినెట్ మూత తీయండి

రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ కార్డు గురించే ఉంటున్నాయి. అందుకని ఈసారి మొత్తం జాగా దానికే ఇస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నేను చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజార్లో పదకొండేళ్లు సర్వీసు కౌంటర్‌లో పనిచేశాను. ఇప్పుడు చింతాద్రిపేటలో సొంతంగా రిపేర్లు చేసుకుంటున్నాను. కార్డులు అమ్మను, ఎవరి దగ్గరా కమిషన్ తీసుకోను. నా బల్ల మీదకు వచ్చిన పీసీల్లో కళ్లారా చూసిందే రాస్తాను.

ప్రశ్న: అక్కా, నేను కొలత్తూరులో ఉంటాను, బీకామ్ రెండో ఏడాది. 2019లో నాన్న కొనిచ్చిన పీసీ ఉంది. ప్రాసెసర్ ఐ5-9400ఎఫ్, ర్యామ్ 8 జీబీ ఒకటే స్టిక్, కార్డు జీటీఎక్స్ 1050 టీఐ 4 జీబీ. ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా) మీద 450 వాట్లు అని ఉంది. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్. పిల్లలకు ట్యూషన్ చెప్పి 20 వేలు దాచుకున్నాను. స్నేహితులేమో నాన్నను ఇంకో పది పన్నెండు వేలు అడిగి ఆర్టీఎక్స్ 5060 కొనమంటున్నారు. రిచీ స్ట్రీట్‌లో విచారిస్తే ఆర్ఎక్స్ 6600 కొత్తది 21 వేలు, సెకండ్ హ్యాండ్ 12 వేలు, ఆర్టీఎక్స్ 3050 6 జీబీ కొత్తది 17 వేలు చెప్పారు. ఒకాయన మాత్రం కొత్త ఆర్ఎక్స్ 580 8 జీబీ 8 వేలకే ఇస్తానన్నాడు. ఏది తీసుకోను? తప్పు కొంటే మళ్లీ కొనే శక్తి లేదు.

జవాబు: తమ్ముడూ, నీ చివరి వాక్యం చదివి ఈ ఉత్తరాన్ని అన్నిటికన్నా ముందు పెట్టాను. ట్యూషన్ డబ్బులు ఎంత కష్టం మీద పోగవుతాయో నాకు తెలుసు.

ముందు ఒకటి తేల్చేద్దాం. నాన్నను అడగొద్దు. 5060 చెడ్డ కార్డేమీ కాదు, కానీ నీ పీసీలో పెడితే ఆ అదనపు పన్నెండు వేలకు తగ్గ ఫలితం నీ కంటికి కనిపించదు. నీ మానిటర్ సెకనుకు 60 ఫ్రేములే చూపిస్తుంది. కార్డు 110 ఇచ్చినా నువ్వు చూసేది 60. నీ ప్రాసెసర్‌కు ఆరు కోర్లు, ఆరు థ్రెడ్లే. కొత్త గేముల్లో కార్డు కన్నా ముందు అదే అలసిపోతుంది. ఇక స్లాట్, అంటే బోర్డు మీద కార్డు గుచ్చే చోటు సంగతి. 5060 స్లాట్‌లోని పదహారు లైన్లలో ఎనిమిదే వాడుకుంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే ఈ స్లాట్ పద్ధతిలో అది 5.0 తరం కార్డు, నీ బోర్డు 3.0 తరం. అంటే కార్డుకీ మిగతా పీసీకీ మధ్య దారి నాలుగో వంతుకు తగ్గిపోతుంది.

దీనివల్ల ఎప్పుడు నష్టమో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది మిగతా కార్డులకూ పనికొస్తుంది. కార్డు మీది మెమరీని పొయ్యి పక్కన గట్టు అనుకో. కావాల్సిన సామానంతా గట్టు మీద ఉన్నంతసేపు వంట చకచకా సాగుతుంది. గట్టు నిండిపోతే ప్రతి డబ్బాకూ సామాన్ల గదికి వెళ్లి రావాలి. ఆ గది పీసీ ర్యామ్, మధ్యలో నడవా ఈ స్లాట్. నడవా ఇరుకైతే వంట ఆగి ఆగి సాగుతుంది. గేములో ఒక్క క్షణం బొమ్మ బిగుసుకుపోయి మళ్లీ కదులుతుందే, చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి పాత బోర్డు ఉన్నవాళ్లు చూడాల్సినవి రెండు: కార్డు మెమరీ ఎంత, అది ఎన్ని లైన్లు వాడుతుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే కార్డు తక్కువ ధరకు కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లకు. మెమరీ 4 జీబీ, లైన్లు నాలుగే. నీ బోర్డు మీద దానికి ఊపిరాడదు.

ఇప్పుడు నిజంగా నన్ను టెన్షన్ పెట్టిన విషయానికి వస్తాను. నీ 450 వాట్ల ఎస్ఎంపీఎస్.

2021లో మా తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 570 కొన్నాడు. అది 150 వాట్ల కార్డు, ఎనిమిది పిన్నుల కరెంటు కేబుల్ కావాలి. వాడి ఎస్ఎంపీఎస్‌లో ఆ కేబుల్ లేదు. కౌంటర్‌లో కుర్రాడు పాత నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి ఎనిమిది పిన్నులకు మార్చే చిన్న కేబుల్ ఒకటి చేతిలో పెట్టి పంపాడు. అప్పుడు నేను ఊళ్లో లేను. మూడో రోజు రాత్రి గేము మధ్యలో టప్పుమని శబ్దం, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డునీ హార్డ్ డిస్కునీ తీసుకుపోయింది. అమ్మానాన్నల షష్టిపూర్తి ఫోటోలు ఆ డిస్కులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. తర్వాత ఆ డబ్బా విప్పి లేబుల్ చూశాను. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. కింద పట్టికలో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు. 16ని 12తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే. అంటే కొన్నది 450, పనికొచ్చేది 192.

అందుకని ఈ ఉత్తరం చదవగానే పీసీ ఆపి, ప్లగ్ తీసి, పక్క మూత తీసి లేబుల్ చూడు. 12 వోల్టుల ఆంపియర్లను 12తో గుణించు. కనీసం 400 రాకపోతే, లేదా 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) లేకపోతే, అది ఎంత బాగా పనిచేస్తున్నట్టు కనిపించినా మార్చేయాల్సిందే. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదంటావేమో. నీ 1050 టీఐ 75 వాట్ల కార్డు, సాధారణంగా ఆ కరెంటంతా స్లాట్ నుంచే తీసుకుంటుంది. ఎస్ఎంపీఎస్ మీద బరువే పడలేదు, అందుకే నిలబడింది. పేరున్న కంపెనీ 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ తీసుకో. ఆరు, ఎనిమిది పిన్నుల కేబుల్ దానిలోంచే రావాలి, మార్పిడి కేబుళ్లు వద్దు. ఎస్ఎంపీఎస్ కొంటే ఒక్క ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) కూడా పెరగదని మీ స్నేహితులు అంటారు. నిజమే, పెరగదు. అయినా నీ ఇరవై వేలలో మొదటి ఖర్చు ఇదే కావాలని నా గట్టి నమ్మకం.

రెండో ఖర్చు ర్యామ్. 8 జీబీ ఇప్పటి గేములకు చాలదు, పైగా ఒకటే స్టిక్ కాబట్టి ప్రాసెసర్‌కు సగం దారే తెరుచుకుని ఉంది. ఇంకో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ పెడితే డ్యూయల్ ఛానెల్ అవుతుంది, గేములో కుదుపులు బాగా తగ్గుతాయి. 2025 చివరి నుంచి కొత్త ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. ర్యామ్ అంత తేలిగ్గా పాడయ్యేది కాదు కాబట్టి సెకండ్ హ్యాండ్ తీసుకోవడానికి భయపడకు. నీ పాత స్టిక్ చేతిలో పట్టుకెళ్లి అదే వేగం ఉన్నది అడుగు. నీ ప్రాసెసర్‌కు 2666 చాలు, 3200 కోసం ఎక్కువ పెట్టకు.

ఇక కార్డు. ఆర్ఎక్స్ 580 ఇస్తానన్న ఆయన మాట పక్కన పెట్టు. ఆ కార్డు 2017లో వచ్చింది. ఈరోజు పెట్టెలో మెరుస్తున్న కొత్త 580 అంటే ఎక్కువగా పాత చిప్‌కు కొత్త ఫ్యాను, కొత్త రేకు తొడిగినదే. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో రాత్రీ పగలూ నడిచినవి వేలల్లో అలా తిరిగొచ్చాయి. ఇంకో చిక్కుంది. అసలు 580కి 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు (బొమ్మను లెక్కగట్టే చిన్న యూనిట్లు) ఉంటాయి, అదే పేరుతో 2048 ఉన్న బలహీనమైన రకం కూడా అమ్ముడవుతోంది. 2023 చివర్లో ఆ చిప్ తయారుచేసే ఏఎండీ ఈ తరం కార్డులకు డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) బాగా తగ్గించింది. 185 వాట్లు తాగుతుంది. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ లేదు. 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేములు ఆ హార్డ్‌వేర్ లేకుండా అసలు నడవవు. 8 వేలకు వస్తోంది కదా అని కొంటే ఏడాది తిరక్కుండా మళ్లీ ఇదే ప్రశ్నతో నాకు ఉత్తరం రాస్తావు.

నీకు నేను చెప్పేది ఆర్ఎక్స్ 6600. 2021 అక్టోబర్‌లో వచ్చింది, 8 జీబీ మెమరీ, 132 వాట్లు, ఒకే కేబుల్. ఇదీ ఎనిమిది లైన్ల కార్డే. కానీ 1080పీలో 8 జీబీ నిండనంతవరకు 3.0 స్లాట్ మీద పోయేది చాలా కొద్ది. నీ 60 హెర్ట్జ్ మానిటర్‌కు ఇప్పటి గేముల్లో ఎక్కువ వాటిని మీడియం, హై సెట్టింగుల్లో హాయిగా నడిపిస్తుంది. ఇందాక చెప్పిన డూమ్ గేము కనీస అవసరాల్లో ఏఎండీ వైపు రాసి ఉన్నది ఈ కార్డే. దీని లోపాలు కూడా చెప్పాలి. రే ట్రేసింగ్ ఉందన్న మాటే గానీ అందులో బలహీనం. 2025 చివర్లో ఏఎండీ ఈ తరాన్ని వేరే డ్రైవర్ శాఖలోకి మార్చింది, కొత్త హంగులు కొత్త కార్డులకే ముందు వస్తాయి. నువ్వు వాడబోయే తీరుకు అది పెద్ద ఇబ్బంది కాదనే నా అభిప్రాయం. నీ 1050 టీఐకి 2025 అక్టోబర్‌తో కొత్త గేముల డ్రైవర్లే ఆగిపోయాయి, ఇక భద్రతా అప్‌డేట్లు మాత్రమే.

కొత్తది 21 వేలంటే నీ డబ్బంతా దానికే పోయి, పాత ఎస్ఎంపీఎస్ మీద పెట్టుకోవాల్సి వస్తుంది. అది నేను ఒప్పుకోను. సెకండ్ హ్యాండ్ 12 వేలది, బిల్లు ఉన్నది, సీరియల్ నంబర్ మీద ఇంకా వారంటీ మిగిలున్నది చూసుకో. మిగిలిన 8 వేలలో ఎస్ఎంపీఎస్, ర్యామ్ రెండూ వచ్చేలా తిరుగు. సెకండ్ హ్యాండ్ కార్డు ఎలా పరీక్షించాలో కింద అంబత్తూరు పాఠకుడికి రాశాను, అదంతా నీకూ వర్తిస్తుంది. ఇంచుమించు అదే ధరకు ఆర్టీఎక్స్ 3060 12 జీబీ దొరికితే అది ఇంకా మంచిది. పదహారు లైన్లూ వాడుకుంటుంది, డీఎల్ఎస్ఎస్ (చిన్న బొమ్మను పెద్దది చేసి ఎఫ్‌పీఎస్ పెంచే పద్ధతి) ఉంది, గట్టు పెద్దది. అయితే 170 వాట్లు, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ తప్పనిసరి. అదే 3060 పేరుతో 8 జీబీ రకం కూడా ఉంది, దాని వేగం తక్కువ. పెట్టె మీద 12 అని చూశాకే డబ్బు తీయి.

17 వేల 3050 6 జీబీ ఎవరికంటే, ఎస్ఎంపీఎస్ మార్చే వీలే లేనివాళ్లకు. 70 వాట్లతో, సాధారణంగా కేబుల్ లేకుండా స్లాట్ మీదే నడుస్తుంది. నీకు మార్చే వీలుంది. ఆ ధరకు 6600తో పోలిస్తే బాగా వెనకబడుతుంది.

డబ్బు ఇచ్చేముందు ఇంట్లో ఒక చిన్న పని చెయ్యి. నువ్వు ఎక్కువగా ఆడే గేము పావుగంట ఆడుతూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) శాతం చూడు. 95 పైన ఉంటే నీ పీసీని ఆపుతున్నది కార్డే, మార్చడం సబబు. 60 దగ్గరే ఉండి ఎఫ్‌పీఎస్ మాత్రం తక్కువుంటే కార్డు మీద తప్పు లేదు, ముందు ర్యామ్ వేసి మళ్లీ చూడు. వాలరెంట్ గేము మాత్రమే ఆడేవాళ్లలో నేను ఎక్కువగా చూసింది ఈ రెండో రకమే. ఎంతోమంది కార్డు మార్చి, అది కాదని తెలిశాక నా దగ్గరకు వచ్చారు.

వేడి సంగతి కూడా. కార్డు పరీక్షలు సాధారణంగా 20, 22 డిగ్రీల గదుల్లో చేస్తారు. కర్తరి ఎండల్లో కొలత్తూరులో ఏసీ లేని గది 35కు తక్కువ ఉండదు. ఆ తేడా అంతా కార్డు మీద కూడుతుంది. ముందు భాగం అద్దంతో పూర్తిగా మూసేసిన క్యాబినెట్ అయితే ముందు ఒక ఫ్యాను పెట్టించు, అంత డబ్బు లేకపోతే మే నెలంతా పక్క మూత తీసి ఆడు. దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క వేలితో పట్టుకుని కొట్టు, బ్లోయర్ గాలికి అది గిరగిరా తిరిగితే బేరింగు పాడవుతుంది.

ప్రశ్న: మాది పెరంబూరు. మా వారి ఆఫీసులో పాత కంప్యూటర్లు అమ్మేస్తుంటే ఒకటి తెచ్చారు, సన్నగా ఉండే డెల్ ఆప్టిప్లెక్స్. అబ్బాయి పదో తరగతి. వాడి పుట్టినరోజుకు గ్రాఫిక్స్ కార్డు కొనిద్దామనుకుంటున్నాం. షాపులో అడిగితే ఏదైనా పడుతుందన్నారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా, ఏదైనా పట్టదు. మామూలు కార్డు తీసుకెళ్తే మూత కూడా పడదు. సన్న క్యాబినెట్లకు ఎత్తు సగం ఉండే లో ప్రొఫైల్ కార్డులు వేరుగా వస్తాయి. వాటితో పాటు వెనక బిగించే చిన్న రేకు కూడా పెట్టెలో ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో ఆ చిన్న రేకు చాలాసార్లు ఉండదు, అది లేకపోతే కార్డు గాల్లో వేలాడుతున్నట్టే.

ఇలాంటి పీసీల్లో ఎస్ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, బజార్లో దొరికేది దాని చోట పట్టదు. కార్డుకు వేరే కేబుల్ కూడా రాదు. కాబట్టి స్లాట్ ఇచ్చే కరెంటుతోనే బతికే కార్డు కావాలి. లో ప్రొఫైల్‌లో జీటీఎక్స్ 1650 4 జీబీ, ఆర్టీఎక్స్ 3050 6 జీబీ ఆ కోవలోకి వస్తాయి. మొదటిది 75, రెండోది 70 వాట్లు. అయితే కొన్ని సన్న మోడళ్లలో స్లాట్ అంత కూడా ఇవ్వదు. వెనక అతికించిన మోడల్ నంబర్ చూసి, దాని మాన్యువల్‌లో స్లాట్‌కు ఎన్ని వాట్లని రాశారో మీ వారిని చదవమనండి. అది తెలిశాకే షాపుకు వెళ్లండి.

ఇంకో మాట అడగకుండానే చెబుతున్నాను, ఏమనుకోకండి. ఆ పీసీలో ప్రాసెసర్ ఐదో ఆరో తరానిదైతే 17 వేల కార్డు దాని మీద పెట్టొద్దు. నాలుగు వేలో ఐదు వేలో పెట్టి సెకండ్ హ్యాండ్ 1650తో సరిపెట్టి, మిగిలింది దాచండి. పదో తరగతి అయ్యాక, పెద్ద క్యాబినెట్‌తో పీసీ కట్టించేటప్పుడు ఆ డబ్బు అసలైన చోట పడుతుంది. పరీక్షల ముందు కొనాలా తర్వాతా అనేది మీ ఇంటి నిర్ణయం. నాకైతే పుట్టినరోజుకు మాట ఇచ్చి ఉంటే మాట నిలబెట్టుకోవడమే బాగుంటుందనిపిస్తుంది.

ప్రశ్న: నేను అంబత్తూరు ఎస్టేట్‌లో పనిచేస్తాను. సెకండ్ హ్యాండ్ కార్డు కొనాలని ఉంది, కానీ మైనింగ్ కార్డులంటే భయం. షాపులో పది నిమిషాల్లో మంచీ చెడూ ఎలా తెలుసుకోవడం?

జవాబు: పది నిమిషాలు చాలవు, అరగంట అడగండి. అరగంట ఇవ్వని చోట కొనకండి. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిస్తే వచ్చే రిచీ స్ట్రీట్ సందుల్లో, పీసీకి తగిలించి చూపించే షాపులు కావాల్సినన్ని ఉన్నాయి.

మైనింగ్ భయం గురించి ముందు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారింది, దాంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వడం ఆగిపోయింది. ఆ తర్వాత కార్డులు గుట్టలుగా బయటికొచ్చాయి. మైనింగ్ చేసిన ప్రతి కార్డూ చచ్చినదే అనడం సరికాదు. ఒకే వేగంతో, ఒకే వేడిలో నడిచిన చిప్ చాలాసార్లు బాగానే ఉంటుంది. ముందుగా అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి చిప్ వేడిని బయటికి చేర్చే థర్మల్ పేస్టు, ప్యాడ్లు. ఇవి మార్చుకోవచ్చు. నాకు భయం వేరే రెండు రకాల కార్డులంటే: వేడిగాలితో చిప్ కాల్చి తాత్కాలికంగా బతికించినవి, పేరు మార్చినవి.

పేరు మార్చినవి అంటే ఏమిటో చెబుతాను. సూళ్లూరుపేట నుంచి ఒక పెద్దాయన మనవడి కోసం జీటీఎక్స్ 1050 టీఐ కొని, గేము తెరవగానే ఆగిపోతోందని లోకల్ రైల్లో క్యాబినెట్ ఒళ్లో పెట్టుకుని వచ్చారు. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిస్తే నకిలీ అని చూపించింది. లోపల ఉన్నది 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ చిప్. దాని బయోస్ (కార్డులోని మూల ప్రోగ్రామ్) మార్చి 1050 టీఐ అని పేరు పెట్టారు, విండోస్ కూడా ఆ పేరే నమ్మింది. ఆయన డబ్బు తిరిగి రాలేదు, బిల్లు లేదు కాబట్టి. ఆ రోజు ఆయన ముఖం చూశాక, ఉచితమైన ఆ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లమని వచ్చినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాను. మీరూ వేసుకుని వెళ్లండి. మెమరీ ఎంత, చిప్ పేరేమిటి, షేడర్ల (స్ట్రీమ్ ప్రాసెసర్ల) సంఖ్య ఎంత అన్నవి ముందు రోజే కంపెనీ సైటులో చూసి కాగితం మీద రాసుకోండి, షాపులో వాటితో పోల్చండి.

తగిలించే ముందు చేతిలోకి తీసుకుని చూడండి. వెనక రేకు, పోర్టుల లోపల తుప్పుంటే అది సముద్రం గాలి తగిలిన ఇల్లు. తిరువొత్తియూరు, బీసెంట్ నగర్ వైపు నుంచి వచ్చినవాటిలో నేను ఎక్కువగా చూస్తాను. పైన తుప్పుంటే లోపల బోర్డు మీదా ఉండే అవకాశం ఉంది, వదిలేయండి. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. విప్పడం తప్పు కాదు, ఎందుకు విప్పారో అడగండి. పేస్టు మార్చామని వెంటనే చెబితే సరే, మాట తడబడితే ఆలోచించండి. ఫ్యాను రెక్కను వేలితో మెల్లగా తిప్పితే ఊగకూడదు.

తర్వాత ఫర్‌మార్క్ (కార్డు మీద పూర్తి బరువు వేసే పరీక్ష ప్రోగ్రామ్) కనీసం పావుగంట, దాని తర్వాత ఒక నిజమైన గేము ఇంకో పది నిమిషాలు. ఫర్‌మార్క్ ఒక్కదాన్నే నమ్మకండి. మెమరీ లోపాలు అందులో బయటపడక గేములో బయటపడిన కార్డులు నా బల్ల మీదకు వచ్చాయి. తెర మీద రంగుల చుక్కలు, గళ్లు, మెరుపులు వస్తే ఎంత తగ్గించినా వద్దు. వేడి 85 దాటుతుంటే పేస్టు మార్చి చూపించమనండి. వేడి బాగుండీ హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు) అనే అంకె దానికన్నా 25, 30 డిగ్రీలు ఎక్కువుంటే పేస్టు ఎండిందనో, హీట్‌సింక్ సరిగా ఆనడం లేదనో లెక్క. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టులన్నిటికీ ఒక్కోసారి కేబుల్ మార్చి చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు.

చివరికి బిల్లు. జీఎస్టీ 18 శాతం కాబట్టి బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామంటారు. పాత కార్డుకైనా షాపు బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, కార్డు మీది నంబర్‌తో అక్కడే సరిచూడండి. ఏడు రోజులో పదిహేను రోజులో మార్చి ఇస్తామన్న మాట కూడా అదే కాగితం మీద ఉండాలి. నోటి మాట ఎంత మంచివాళ్లదైనా, ఆ కౌంటర్‌లో మనిషి మారితే మాట కూడా పోతుంది.

ప్రశ్న: నా దగ్గర రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు ఉన్నాయి. ఇంటెల్ ఆర్క్ బీ580 12 జీబీ అంత తక్కువలో వస్తుంటే అందరూ ఎందుకు వెనకాడుతున్నారు? (వేళచ్చేరి పాఠకుడు)

జవాబు: వెనకాడాల్సింది అందరూ కాదు, మీరే. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఆ కార్డు కొత్త ప్రాసెసర్ పక్కన చక్కగా పనిచేస్తుంది, ఆ ధరకు 12 జీబీ నాకూ నచ్చింది. కానీ దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ బరువు వేస్తుంది. 2025 జనవరిలో పాత రైజెన్‌లతో పరీక్షించినవాళ్లకు కొన్ని గేముల్లో ఎఫ్‌పీఎస్ బాగా పడిపోవడం కనిపించింది, ఆ పరీక్షల్లో మీ 3600 కూడా ఉంది. ఆ తర్వాత డ్రైవర్లు కొంత మెరుగయ్యాయి. అయినా రీసైజబుల్ బార్ అనే సెట్టింగు (ప్రాసెసర్‌కు కార్డు మెమరీ మొత్తం ఒకేసారి అందేలా చేసేది) ఆన్ కాకపోతే ఆ కార్డు కొనడమే దండగ, బీ450లో దానికి బయోస్ అప్‌డేట్ కావాల్సి రావచ్చు. మీ బోర్డు రైజెన్ 5 5600ను తీసుకుంటుంది. ముందు అది మార్చుకుంటే, తర్వాత బీ580 అయినా ఇంకేదైనా ధైర్యంగా పెట్టుకోవచ్చు. ప్రాసెసర్ మార్చే ఉద్దేశం లేకపోతే 3060 12 జీబీ వైపు వెళ్లండి.

ప్రశ్న: గూడువాంచేరి నుంచి రాస్తున్నాను. కొత్త కార్డు పెట్టించి వారమైంది. గేముల్లో ఏ మార్పూ లేదు, 144 హెర్ట్జ్ మానిటర్ మీద కూడా 60 దగ్గరే ఆగుతోంది. కార్డు మోసమా?

జవాబు: కార్డును అనుమానించే ముందు పీసీ వెనక్కి వెళ్లి మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చి ఉందో చూడండి. పైన, యూఎస్‌బీ పోర్టుల పక్కన ఉంటే అది బోర్డుది. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే బొమ్మ అక్కడి నుంచి కూడా వస్తుంది, అందుకే తేడా తెలియదు. దాన్ని తీసి కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టులో పెట్టండి. వీలైతే డిస్‌ప్లే పోర్టు కేబులే వాడండి, మానిటర్‌తో వచ్చిన పాత హెచ్‌డీఎంఐ కొన్నిసార్లు 144 ఇవ్వదు. తర్వాత విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 60 బదులు 144 ఎంచుకోండి. అది తనంతట తాను మారదు. గేములో వీ-సింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపండి. ఇంతా చేశాక కూడా 60 దాటకపోతే జీపీయూ-జెడ్ తెరిచి ఆ తెర ఫోటో, ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫోటో రెండూ పంపండి, వచ్చే సంచికలో చూద్దాం.